చేతులు లెక్కపెట్టడం మానేద్దాం

పోయిన నెలలో మా పెద్దమ్మ జ్ఞాపకార్థ కూడిక జరిగింది. స్టేజీ వెనక ఫ్లెక్సీ కట్టారు. పెద్దమ్మ ఫోటో, పుట్టిన తేదీ, ప్రభువునందు నిద్రించిన తేదీ, వాటి కింద ఎర్ర అంకెల్లో 1,04,312. ఇంతమంది చిన్నారులను రక్షణలోకి నడిపించిన ధన్యజీవి అని దాని పక్కన రాశారు. మైకు పట్టుకున్న ప్రతి ఒక్కరూ ఆ సంఖ్యను చదివారు. చదివినప్పుడల్లా జనం హల్లెలూయా అన్నారు.

నేను మూడో వరసలో తల దించుకుని కూర్చున్నాను. ఆ సంఖ్యలో కొంత నా చేత్తో రాసిందే. పదమూడో ఏటి నుంచి పెళ్ళయ్యేదాకా ప్రతి వేసవి సెలవుల్లో పెద్దమ్మ వెంట తిరిగాను. పాటలు నేర్పాను, రస్నా కలిపాను, చివరి రోజు చేతులు లెక్కపెట్టాను. ఆ అంకెలు ఎట్లా పుట్టాయో నాకు తెలుసు.

అప్పటి నుంచి మనసులో తిరుగుతున్న మాట ఇక్కడ చెప్పేస్తాను. మన వీబీఎస్‌లలో (పిల్లలకు సెలవుల్లో పెట్టే బైబిలు బడుల్లో), పిల్లల క్యాంపుల్లో చివరి రోజున "యేసయ్యను హృదయంలోకి ఎవరు చేర్చుకుంటారు, చేతులెత్తండి" అని అడగడం, ఆ చేతుల్ని లెక్కపెట్టి రిపోర్టు పంపడం మనం మానెయ్యాలి. క్యాంపులు మానమనడం లేదు. క్యాంపులు లేకపోతే నాకు పాట తెలిసేది కాదు, నలుగురిలో నిలబడి మాట్లాడడం తెలిసేది కాదు, ప్రార్థన అంటే ఏమిటో కూడా తెలిసేది కాదు. అందుకే ఈ బాధ.

ట్రంకు పెట్టె

పెద్దమ్మ పెళ్ళి చేసుకోలేదు. 38 ఏళ్ళు పిల్లల క్యాంపులే ఆమె ఉద్యోగం, ఆమె కాపురం. ప్రకాశం జిల్లాలో ఆమె దిగని ఆర్టీసీ బస్టాండు లేదేమో. చేతిలో ఒక ఆకుపచ్చ రేకు ట్రంకు. అందులో ఫ్లానెల్ బోర్డు గుడ్డ, దాని మీద నిలవడానికి వెనక గరుకు కాగితం అంటించిన బొమ్మలు, కంజీర, రంగు చాక్‌పీసులు. అడుగున ఒక దువ్వెన, నెయిల్ కట్టర్, గజ్జి మందు సీసా, నాలుగు తువ్వాళ్ళు. మొదటి రోజు పాఠం కంటే ముందు గోళ్ళు తీసేది. ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని పదివేళ్ళూ తీసేలోపు వాళ్ళ ఇంటి సంగతులన్నీ ఆమెకు తెలిసిపోయేవి.

మాటలు లేని పుస్తకం అందరికీ తెలిసిందే. ఒట్టి రంగుల పేజీలు చూపించి సువార్త చెప్పే పుస్తకం. 1866లో లండన్‌లో స్పర్జన్ అనే బోధకుడు దాని మీద ప్రసంగం చేసినప్పుడు నలుపు, ఎరుపు, తెలుపు మూడే రంగులు, మిగతావి తర్వాత చేరాయి. నలుపు అంటే పాపం. ఒకసారి ఒక పాలెంలో పెద్దమ్మ ఆ నల్ల పేజీ చూపిస్తుంటే ఒక పాప తన మోచెయ్యి తిప్పి చూసుకుంది. నోరు తెరిచి ఏమీ అడగలేదు. పెద్దమ్మ మాత్రం ఆ చూపు చూసింది. ఆ రాత్రి నల్ల పేజీ చింపేసి, దాని స్థానంలో మట్టి మరకలున్న పాత చేతిరుమాలు కుట్టింది. ఆ తర్వాత చనిపోయేదాకా ఆ రుమాలే చూపించింది. "ఇది ఉతికితే పోతుంది కదా" అనేది పిల్లలతో.

ఎదురుగా ఉన్న బిడ్డను చూసి చేతిలో ఉన్నదాన్ని మార్చుకునే మనిషి ఆమె. అట్లాంటి మనిషిని ఒక సంఖ్య కింద కుదించడం నాకు నచ్చలేదు.

నలభై ఏడు

నాకు పదహారేళ్ళు. రోహిణి కార్తె ఎండలు. ఊరి బడి వరండాలో వీబీఎస్ చివరి రోజు. పెద్దమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన చేయిస్తోంది. "అందరూ కళ్ళు మూసుకోండి, ఎవ్వరూ పక్కకు చూడొద్దు. యేసయ్య కావాలనుకున్నవాళ్ళు మెల్లిగా చెయ్యి పైకెత్తండి." నా పని స్తంభాల పక్క నుంచి నడుస్తూ లెక్కపెట్టడం. నలభై ఏడు వచ్చింది. పెన్సిల్‌తో రాసుకున్నాను.

ముందు వరసలో స్తంభం పక్కన ఒక పిల్లవాడు. ఐదేళ్ళో ఆరేళ్ళో. చెయ్యి నిటారుగా ఎత్తాడు, దించలేదు. ఎంత శ్రద్ధగా ఎత్తాడో అనుకున్నాను. వాడు ఎత్తింది చిటికెన వేలు ఒక్కటే అని నాకు తెలియలేదు. ఒంటేలుకు వెళ్ళాలని అడుగుతున్నాడు. అందరి కళ్ళూ మూసి ఉన్నాయి. కళ్ళు తెరిచి ఉన్న ఒక్కదాన్నీ నేను. నేనేమో వాణ్ణి లెక్కలో వేసుకుని ముందుకు వెళ్ళిపోయాను. ప్రార్థన సాగింది. ఆమెన్ అనేసరికి వాడి నిక్కరు తడిసిపోయింది, పక్కన కూర్చున్న పిల్లలు జరిగిపోయి నవ్వుతున్నారు.

పెద్దమ్మ వాణ్ణి ఎత్తుకుని బోరింగు దగ్గరకు తీసుకుపోయింది. కడిగి, తువ్వాలు చుట్టి, నిక్కరు తనే ఉతికి పిట్టగోడ మీద ఆరేసింది. ప్రైజులు ఇస్తున్నంతసేపూ వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. ఎవరూ మళ్ళీ నవ్వలేదు.

రాత్రి రిపోర్టు రాస్తున్నప్పుడు ఎంత అని అడిగింది. నలభై ఏడు అన్నాను.

"ఆ పిల్లోడు కూడానా?"

"ఆఁ, వాడూ ఎత్తాడు కదా పెద్దమ్మా."

కాసేపు ఏమీ అనలేదు. "వాడు అడిగింది వేరు. ఆ ఒక్కటి కొట్టెయ్ అమ్మాయ్" అంది. కొట్టేసి నలభై ఆరు అని రాశాను.

ఆ రోజు అంతటితో అయిపోయిందనుకున్నాను. ఇప్పుడు నా కూతురికి ఆ వయసు వచ్చాక అదే గుర్తొస్తోంది. మిగతా నలభై ఆరుమంది ఏం అడిగారు? పక్కవాడు ఎత్తాడని ఎత్తినవాళ్ళు, ఎత్తకపోతే టీచరు బాధపడుతుందని ఎత్తినవాళ్ళు, నరకం పాఠం విని రాత్రి నిద్రపట్టక ఎత్తినవాళ్ళు, నిజంగా లోపల ఏదో కదిలి ఎత్తినవాళ్ళు. వరండా పక్కన నిలబడి చూస్తే అన్నీ చేతులే. నాకు తేడా తెలియలేదు. తెలిసే వీలు కూడా లేదు.

మా కాలేజీ స్నేహితురాలు ఒకామె చిన్నప్పుడు మూడు వేసవులు వీబీఎస్‌కు వెళ్ళింది. వాళ్ళ ఇంట్లో దేవుడి గది ఉంది, రోజూ దీపం పెడతారు. ఇప్పటికీ ఆ యాక్షన్ సాంగ్స్ నాకంటే బాగా పాడుతుంది. ఒకసారి చెప్పింది: "అంతా ఇష్టమే గానీ చివరి రోజంటే టెన్షన్. చెయ్యెత్తకపోతే స్టీలు గ్లాసు ఇవ్వరేమోనని ఎత్తాను. ఇంటికెళ్ళాక అమ్మ హారతి ఇస్తుంటే కళ్ళకద్దుకోవాలా వద్దా అని వణికిపోయాను. ఎవరికీ చెప్పలేదు." ఏడేళ్ళ పిల్ల. అమ్మకీ దేవుడికీ మధ్య ఒక్కతే నిలబడింది. గ్లాసు ఇచ్చిన మేమెవరం ఆ సాయంత్రం ఆమె పక్కన లేము. రిపోర్టులో మాత్రం ఆమె ఒక అంకె.

క్లౌ దొర ఆగిన నెలలు

ఒంగోలు వాళ్ళకు 2,222 అనే సంఖ్య కొత్త కాదు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మం. మన సండేస్కూళ్ళలో ఎన్నిసార్లు విన్నామో. ఆ సంఖ్య చెప్పినంత గట్టిగా దానికి ముందు జరిగింది ఎవరూ చెప్పరు. అది పెద్ద కరువు కాలం. ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. పనికొచ్చినవాళ్ళు బాప్తిస్మం ఇమ్మని అడుగుతూనే ఉన్నారు. ఆయన ఇవ్వలేదు. కూలి కోసం, తిండి కోసం వచ్చి మతం పుచ్చుకున్నారనే మాట రాకూడదని, ఏడాదికి పైగా ఆపేశాడు. పనులు అయిపోయి, ఇవ్వడానికి చేతిలో ఇంకేమీ లేనప్పుడు, అప్పటికీ వచ్చినవాళ్ళకు ఇచ్చాడు.

పెద్దవాళ్ళ విషయంలోనే ఆయన అంత జాగ్రత్తపడ్డాడు. మనం ఐదు రోజులు బిస్కెట్లు, రస్నా పెట్టి, ప్రైజులు బల్ల మీద అందరికీ కనబడేలా పేర్చి, అవి ఇవ్వబోయే పది నిమిషాల ముందు పిల్లల్ని నిర్ణయం అడుగుతున్నాం. క్లౌ దొర పేరు చెప్పుకునే సంఘాల వాళ్ళం.

ఇంకొకటి. మేం బాప్టిస్టులం. పసిబిడ్డకు బాప్తిస్మం ఇవ్వం. ఎందుకంటే బిడ్డకు నిర్ణయం తీసుకునే తెలివి రాదు, వచ్చాక తనే అడగాలి అంటాం. ఈ మాట మీద మా ఆయనతో, అంటే పసిబిడ్డలకే బాప్తిస్మం ఇచ్చే గుంటూరు లూథరన్ల ఇంట పుట్టినాయనతో, పెళ్ళైన కొత్తలో ఎన్ని వాదనలో. ఒకసారి ఆయన అడిగాడు, "మరి ఆరేళ్ళ పిల్ల చేత చెయ్యి ఎత్తించి రక్షణ పొందింది అని రాస్తారేం?" అని. నా దగ్గర సమాధానం లేదు. ఇప్పటికీ లేదు.

మార్కు సువార్త పదో అధ్యాయం మన పిల్లల పరిచర్యకంతా పునాది వాక్యం. "చిన్నబిడ్డలను నాయొద్దకు రానియ్యుడి." ప్రతి వీబీఎస్ బ్యానరు మీదా ఉంటుంది. దాని తర్వాతి మాటలు మళ్ళీ ఒకసారి చదవండి. ఆయన ఆ బిడ్డల్ని ఎత్తి కౌగిలించుకున్నాడు, వాళ్ళ మీద చేతులుంచి ఆశీర్వదించాడు. అంతే. వాళ్ళను ఏమీ అడగలేదు. అక్కడ పైకి లేచిన చేతులు ఆయనవి.

ఆమె ఒప్పుకోలేదు

పెద్దమ్మ బతికి ఉంటే ఈ వ్యాసంతో ఏకీభవించేది కాదు. అది దాచను. ఒకసారి ఇదే మాట అన్నాను. కోప్పడలేదు గానీ నొచ్చుకుంది. "నాకు తొమ్మిదేళ్ళప్పుడు నేనూ అట్లానే ఎత్తాను అమ్మాయ్. ఆ రోజు ఎత్తిన చెయ్యి ఇంకా దించలేదు" అంది. ఆమె జీవితం ముందు పెట్టుకుని ఆ మాటను తీసిపారెయ్యడం నా వల్ల కాదు. పిల్లల విశ్వాసం నిజం కాదని నేను అనను. పిల్లలు నమ్మినంత గట్టిగా పెద్దవాళ్ళు నమ్మలేరు. నేనే ఎనిమిదేళ్ళప్పుడు డాబా మీద పడుకుని చేసిన ప్రార్థన లాంటిది మళ్ళీ చెయ్యలేదు.

కానీ ఆమె ఆ క్యాంపు గురించి చెప్పినప్పుడల్లా నేను జాగ్రత్తగా వినేదాన్ని. అప్పుడు చేతులు ఎవరు లెక్కపెట్టారో ఆమెకు గుర్తు లేదు. అరికాల్లో విరిగిన తుమ్మముల్లును పిన్నీసుతో తీసి, తీస్తున్నంతసేపూ పాట పాడిన టీచరమ్మ గుర్తుంది. ఆ టీచరమ్మ చీర అంచు రంగు కూడా గుర్తుంది. పెద్దమ్మ ట్రంకులో నెయిల్ కట్టర్ ఎందుకుందో నాకు అక్కడే అర్థమైంది. బిడ్డ తనంతట తను వచ్చి "టీచర్, నాకు ప్రార్థన చెయ్యడం నేర్పండి" అంటే తప్పకుండా నేర్పాలి, కూర్చోబెట్టుకుని నేర్పాలి. నేను వద్దంటున్నది గుంపుగా అడగడాన్ని, గుంపుగా లెక్కపెట్టడాన్ని.

రెండో అభ్యంతరం డబ్బు. మా అన్నయ్య ఒక సంస్థలో పనిచేస్తాడు, ఆయన మాట సూటిగా ఉంటుంది. "నంబరు లేకపోతే ఎవరు పంపుతారే డబ్బు? గోళ్ళు తీశామని రాస్తే పంపుతారా?" పంపరేమో. పెద్దమ్మను ఏళ్ళ తరబడి వాడుకున్న ఒక సంస్థ ఆమెకు నెలనెలా ఇచ్చింది ఆమె మందులకు కూడా సరిపోయేది కాదు. పీఎఫ్ లేదు, పెన్షన్ లేదు. ఆఖరి ఆరేళ్ళు మా అమ్మ దగ్గరే ఉంది. రిటైరైనప్పుడు శాలువా కప్పారు. లక్ష చేతుల రిపోర్టులు పంపిన మనిషికి ఆ రిపోర్టులు ముద్ద పెట్టలేదు. అంకెలు లేకపోతే పని ఆగిపోతుందనే వాళ్ళు ముందు ఈ సంగతి ఆలోచించాలి. ఎన్ని రోజులు నడిచింది, ఎంతమంది తిన్నారు, ఎంతమంది తల్లిదండ్రులు సంతకం పెట్టి పంపారు, క్యాంపు అయ్యాక ఎన్ని ఇళ్ళకు వెళ్ళి పలకరించాం. ఇవి రాద్దాం. ఇవి అబద్ధం కావడానికి వీల్లేని లెక్కలు. బైబిల్లో దావీదు రాజు తీయించిన జనాభా లెక్క, దాని వెనకే వచ్చిన తెగులు చాలవా మనకు, దేవుడి జనాన్ని గర్వం కోసం లెక్కించడం ఎక్కడికి తీసుకుపోతుందో తెలియడానికి.

పని పెద్దదైపోయినప్పుడు

ఒక క్రైస్తవ క్యాంపుల నాయకుడు పిల్లల్ని హింసించిన సంగతి మీద 2024 నవంబరులో వచ్చిన మాకిన్ రిపోర్టు గురించి చదివినప్పుడు నాకు రెండు రోజులు అన్నం సహించలేదు. ఇంగ్లండులో యూయర్న్ క్యాంపులని పేరు. ఈ.జె.హెచ్. నాష్ అనే ఆంగ్లికన్ పాదిరి 1930లలో మొదలుపెట్టాడు. తన జీవితమంతా ఆ క్యాంపులకే పెట్టాడు. అక్కడి నుంచి వచ్చినవాళ్ళలో జాన్ స్టాట్ లాంటి పేరున్న బోధకులున్నారు. అదే క్యాంపుల్లో తర్వాత నాయకుడిగా ఎదిగిన జాన్ స్మైత్ అనే లాయరు మగపిల్లల్ని రక్తాలు కారేలా బెత్తంతో కొట్టాడు, ఆత్మీయ క్రమశిక్షణ అని చెప్పి. 1982 నాటికే కొందరు పెద్దలకు అంతా తెలుసు, కాగితం మీద కూడా ఉంది. పోలీసులకు చెప్పలేదు. చెబితే దేవుని పని దెబ్బతింటుందన్నారు. స్మైత్ 1984లో జింబాబ్వే వెళ్ళి అక్కడా పిల్లల క్యాంపులే పెట్టాడు. 2018లో చనిపోయేదాకా ఏ కోర్టూ అతనికి శిక్ష వెయ్యలేదు. రిపోర్టు వచ్చాక ఇంగ్లండు చర్చికి పెద్ద అయిన కాంటర్‌బరీ ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ రాజీనామా చేయాల్సి వచ్చింది.

చెయ్యెత్తించడానికీ దీనికీ సంబంధం ఏమిటని అడగొచ్చు. రెండూ ఒకటి అనడం లేదు, పెద్దమ్మను ఆ మనిషి పక్కన నిలబెట్టే మాట నా నోట రాదు. కానీ "దేవుని పని దెబ్బతింటుంది" అనే మాట దగ్గర నేను ఆగిపోయాను. ఆ పెద్దల కళ్ళ ముందు పని ఎంత పెద్దగా కనబడిందంటే, గాయాలతో ఉన్న పిల్లవాడు కనబడలేదు. నేను నలభై ఏడు లెక్కపెడుతూ నడుస్తున్నప్పుడు నాకూ చిటికెన వేలు కనబడలేదు. అంకె మీద కన్నున్నప్పుడు ఏం జరుగుతుందో నాకు స్వయంగా తెలుసు. నా వల్ల ఒక నిక్కరు తడిసింది, అంతవరకే అయింది. అంతకంటే పెద్దది జరగకపోవడం నా గొప్ప కాదు.

మన దగ్గర పిల్లల మీద లైంగిక నేరాలకు 2012 నుంచి పోక్సో చట్టం ఉంది. బిడ్డకు అట్లాంటి హాని జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పడం ప్రతి ఒక్కరి మీదా చట్టం పెట్టిన బాధ్యత. సంఘ పెద్దలు కూర్చుని సర్దుబాటు చేసుకునేది కాదు. మన క్యాంపుల్లో వాలంటీర్లకు ఈ మాట ఎంతమంది చెబుతున్నారు? ఏ పెద్దమనిషీ ఏ బిడ్డతోనూ గదిలో ఒంటరిగా ఉండకూడదని రాత్రి బస ఉన్న క్యాంపుల్లో ఎంతమంది రూలు పెట్టారు? రెండు రోజుల టీచర్ల ట్రైనింగులో "4–14 విండో" గురించి, అంటే నాలుగు నుంచి పద్నాలుగేళ్ళ లోపే పిల్లలకు సువార్త చెప్పాలనే మాట గురించి, గంటన్నర చెబుతారు. దీనికి పావుగంట ఇవ్వరు. నాకు దొరికిన ప్రతి ట్రైనింగులో లేచి అడుగుతున్నాను, అడుగుతూనే ఉంటాను.

చివరి రోజు మరి ఏం చెయ్యాలి అని ఒక యువ టీచరు అడిగింది. కొత్తపట్నం బీచి గుర్తొచ్చింది. క్యాంపు ఒంగోలు దగ్గర అయితే ఆఖరి సాయంత్రం పెద్దమ్మ పిల్లల్ని అక్కడికి తీసుకుపోయేది. ఇసకలో వేలితో "దేవుడు ప్రేమాస్వరూపి" అని ఒక్కో అక్షరం మంచమంత రాసేది. పిల్లలు గవ్వలూ ఆల్చిప్పలూ ఏరి ఆ గీతల్లో గుచ్చేవాళ్ళు. 1868లో వేల్స్‌లోని లాండుడ్నో తీరంలో జోసయ్య స్పయర్స్ అనే ఆయన ఇట్లాగే ఇసకలో ఇదే మాట రాసి పిల్లల చేత అలంకరింపజేశాడని, పిల్లల బీచి పరిచర్య అక్కడ మొదలైందని ఆమె మాకు చెప్పేది. ఒక ఏడు అల వచ్చి "ప్రేమా" వరకు తుడిచేసింది. ఒక చిన్నది గవ్వలు పోయాయని వెక్కివెక్కి ఏడ్చింది. పెద్దమ్మ చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని నీళ్ళలో దిగి, దొరికినన్ని ఏరుకొచ్చి, రెండడుగులు వెనక్కి జరిగి మళ్ళీ మొదటి నుంచి రాసింది. పిల్లలందరూ మళ్ళీ గుచ్చారు. చీకటి పడిపోయింది, ఆఖరి బస్సు పోతుందేమోనని నాకు ఒకటే కంగారు. ఆ సాయంత్రం చెయ్యెత్తమని ఎవరూ అడగలేదు, ఆ ఏడు రిపోర్టులో ఆ సాయంత్రం లేదు.

కూడిక అయ్యాక అమ్మ ఆ ట్రంకును నాకిచ్చింది. అడుగున రెండు రకాల నోటుబుక్కులున్నాయి. ఒకటి రిపోర్టుల కార్బన్ కాపీలు, నా చేతిరాత కూడా అందులో ఉంది. రెండోవి నేనెప్పుడూ చూడనివి. ఊరి పేరు, తేదీ, దాని కింద పిల్లల గురించి రెండు మూడు ముక్కలు. "తల్లి మిరపకోతకు పోయింది, నాయనమ్మ దగ్గర ఉంటుంది." "చెవి కారుతోంది, ఆర్.ఎం.పీ. దగ్గరకు పంపాలి." "చీకటంటే భయం." "చదవడం రాదు, సిగ్గుపడి పాడినట్టు నోరు కదుపుతాడు." పేజీల కొద్దీ. ఎక్కడా మొత్తం వెయ్యలేదు.

ఆ ఊరి పేజీ వెతికాను. ఉంది. "స్తంభం దగ్గర పిల్లవాడు. అందరి ముందు సిగ్గుపడ్డాడు. వచ్చే ఏడు మొదటి రోజే వాళ్ళ అమ్మను కలవాలి." మరుసటి ఏడు నోటుబుక్కు తీశాను. అదే ఊరు, మే నెల, మొదటి రోజు. "కలిశాను. గుర్తుపట్టాడు. చెల్లెలు పుట్టింది, చూపించాడు."